మిచినాగా ప్రేమను నమ్మాలా, లెక్కను నమ్మాలా? (‘హికారు కిమి ఎ’ చూసినవారికి)

వానాకాలం_చదువు

జపాను ఎన్‌హెచ్‌కె వారి 2024 సీరియల్ ‘హికారు కిమి ఎ’ 48 భాగాలూ రెండు నెలల్లో చూశాను. నిన్న రాత్రి చివరిది అయ్యాక దీపం ఆర్పి పడుకున్నా నిద్ర పట్టలేదు. దుఃఖంతో కాదు, కోపంతో.

నా ఫిర్యాదు ఇది. వెయ్యేళ్ల కిందటి కథ. మహిరో (అంటే ‘గెంజి మొనోగతారి’ అనే పెద్ద కథ రాసిన మురసాకి షికిబు), తరువాత మహామంత్రి అయిన మిచినాగా చిన్నప్పటి నుంచి ఒకరినొకరు ఇష్టపడ్డారు. లేచిపోదామని అతను అంటే, వద్దు, నువ్వు పైకి ఎదిగి ఈ లోకాన్ని బాగుచెయ్యి అని ఆమె అంది. సరే. అక్కడి నుంచి అతను ఏం చేసినా ఆ మాట కోసమే చేస్తున్నట్టు చూపిస్తారు. పన్నెండేళ్ల కూతురిని తీసుకెళ్లి చక్రవర్తి అంతఃపురంలో పెట్టినా దాని కోసమే. అప్పటికే పట్టమహిషి ఉండగా రెండో పట్టమహిషిని కూర్చోబెట్టినా దాని కోసమే. తన మనవడి కోసం ఇంకో పిల్లవాడిని పక్కకు నెట్టినా దాని కోసమే! ప్రతిసారీ చంద్రుడు వస్తాడు, ఇద్దరూ చెరో చోట నుంచి చూస్తూ ఉంటారు, నేను కరిగిపోతాను. తరువాత ఆలోచిస్తే ఎవరో నా జేబు కొట్టినట్టుంటుంది. పదవి కోసం చేసిన పనికి ప్రేమ అనే పట్టు శాలువా కప్పారు.

మహారాణి సదకో చనిపోయిన రోజు నేను అన్నం తినలేదు. ఆమెను తొక్కుకుంటూ కట్టిన మేడలో వీళ్ల మూగప్రేమ చూసి కన్నీళ్లు పెట్టుకోవాలా? మీకెవరికీ ఇలా అనిపించలేదా?

పెసరట్టు_1116

అంత లోతుకు వెళ్లే తీరిక నాకు దొరకలేదు. అకికో ఎవరో తేల్చుకోవడంతోనే సరిపోయింది. అక్క అకికో, రెండో భార్య అకికో, పెద్ద కూతురు అకికో. మిచినాగా వీధి అరుగు మీద నుంచి ఒక్క కేక వేస్తే ముగ్గురు పలుకుతారు.

సగంలో_ఉన్నాను

ఆగండి. సదకో చనిపోతుందా? నేను ఇంకా 21వ భాగంలో ఉన్నాను!

పెసరట్టు_1116

వెయ్యేళ్లు దాటింది కదా బాబూ. ఇప్పటికి అందరూ చనిపోయారు.

గోదారి_గట్టున

పెసరట్టు గారూ, తప్పు మీది కాదు. అప్పటి రాతల్లో ఆడవాళ్ల పేర్లు చైనా అక్షరాల్లో ఉన్నాయి, వాటిని ఎలా పలికేవారో ఎక్కడా లేదు. అందుకని పండితులు చైనా ధ్వనితో సెన్షి, మెయిషి, షోషి అంటారు. సీరియల్ వాళ్లు జపాను పలుకుబడి ఎంచుకున్నారు, ముగ్గురూ అకికోలయ్యారు. నేను పండితుల పేర్లే వాడతాను: సదకో అంటే తెయిషి, కూతురు అకికో అంటే షోషి. అసలు కథానాయిక సొంత పేరు కూడా లోకానికి దక్కలేదు. ‘షికిబు’ అనేది తండ్రి పనిచేసిన శాఖ పేరు, ‘మురసాకి’ ఆమె రాసిన కథలో పాత్ర పేరు. మహిరో పూర్తిగా కల్పన.

వానాకాలం గారూ, మీ కోపం అర్థమైంది. కాని ఆ యంత్రాన్ని మిచినాగా తయారు చేయలేదు, అందులోనే పుట్టాడు. ఆ కాలంలో భర్తే భార్య ఇంటికి వెళ్లేవాడు. మహారాణి కూడా కాన్పుకు పుట్టింటికే వచ్చేది. బిడ్డ తల్లి వైపు వాళ్ల చేతుల్లో పెరిగేవాడు. ఆ బిడ్డ పసితనంలోనే సింహాసనం ఎక్కితే రాజ్యం నడిపేది తల్లికి తండ్రి, అంటే తాత. కాబట్టి మంత్రికి పదవి కన్నా కూతురే పెద్ద ఆస్తి. 986లో తండ్రి కనెయియే ఏం చేశాడో గుర్తుందా? గర్భవతిగా ఉన్న భార్య పోయి ఏడుస్తున్న కజాన్ చక్రవర్తిని, 19 ఏళ్లవాడిని, అర్ధరాత్రి గుడికి తీసుకెళ్లి గుండు చేయించారు. తోడుగా నేనూ సన్యసిస్తానని వెంట వెళ్లిన కనెయియే కొడుకు మిచికనే, చివరిసారిగా ఈ ముఖం మా నాన్నకు చూపించి వస్తానని జారుకున్నాడు. తెల్లారేసరికి కనెయియే మనవడు ఇచిజో, ఏడేళ్లవాడు, చక్రవర్తి. కత్తి ఒరలోంచి బయటికి రాలేదు.

మనకు దీన్ని వివరించడానికి వంశవృక్షం గీయనక్కర్లేదు, ఒక్క మాట చాలు: మేనరికం. ఇచిజో తల్లి సెన్షి. ఆమె అన్న మిచితకా తన కూతురు తెయిషిని ఇచ్చాడు. ఆమె తమ్ముడు మిచినాగా తన కూతురు షోషిని ఇచ్చాడు. ఇద్దరు మేనమామలు, ఒక్క మేనల్లుడు. ఆ సింహాసనం గొడవంతా ఇంతే.

సరిగ్గా అదే రోజుల్లో మా రాజమహేంద్రవరంలో జరిగింది కూడా చూడండి. 1022లో పట్టాభిషేకం చేసుకున్న రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ్వ, రాజరాజ చోళుడి కూతురు. ఆయన పెళ్లాడిన అమ్మంగ మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు. సవతి తమ్ముడు విజయాదిత్యుడితో సింహాసనం కోసం పోరు. చివరికి ఈ మేనరికానికి పుట్టిన పిల్లవాడే 1070లో కులోత్తుంగుడన్న పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. నన్నయ గారు భారతం రాస్తున్న కాలపు ముచ్చట ఇది.

వానాకాలం_చదువు

యంత్రంలో పుట్టాడు, ఒప్పుకుంటాను. అయితే దాన్ని అందరికన్నా బాగా తిప్పింది ఎవరు? అన్న ఒక్క కూతురిని మహారాణిని చేశాడు. ఈయన ముగ్గురిని మహారాణులను చేశాడు.

తోడికోడలు

మేనరికం అన్నారు కాబట్టి నేను రావాల్సి వచ్చింది. తెయిషికి సెన్షి అత్తగారు మాత్రమే కాదు, సొంత మేనత్త. మేనత్తే అత్తగారైతే పిల్ల సుఖపడుతుందని మా అమ్మమ్మ అనేది. అలాగే నన్నూ మా మేనత్త కొడుక్కి ఇచ్చారు. సుఖపడలేదని అనను గాని, మా అత్తయ్యకు నా మీద కోపం వస్తే అది నా మీద ఒక్కదాని మీదే ఉండేది కాదు, మా నాన్న మీద 1970 నుంచి ఉన్న కోపం కూడా కలిసి వచ్చేది. సీరియల్‌లో సెన్షి తెయిషిని చూసే చూపులో నాకు అదే కనబడింది. అన్నగారి దర్పం మీద ఉన్న మంట కోడలి మీద చూపించడం.

995లో మిచితకా చనిపోయాక, తరువాతి అన్న మిచికనే పదవి చేపట్టిన కొద్ది రోజులకే అంటురోగంతో పోయాక, మిచినాగాకు అధికారం ఇప్పించింది ఈవిడే కదా. కొడుకు పడకగదిలోకే వెళ్లి ఏడ్చి సాధించిందని పాత చరిత్ర కథల్లో ఉంది. బయటికి వచ్చేటప్పుడు ముఖం కన్నీళ్లతో తడిసి ఉందట, పెదవుల మీద మాత్రం నవ్వు. ఆ ఒక్క వాక్యంలో మొత్తం రాజకీయం ఉంది.

రిటైర్డ్_మాష్టారు

తోడికోడలు గారు సరిగ్గా చెప్పారు. ఇక్కడ దాచుకున్న ప్రేమ అనగానే అందరూ ప్రేయసీ ప్రియుల గురించే అనుకుంటున్నారు. తమ్ముడి మీద అక్క ప్రేమ ఒక ప్రభుత్వాన్ని మార్చింది.

గోదారి గారి పోస్టుకు చిన్న చేర్పు. మిచినాగా డైరీకి ‘మిదో కంపాకుకి’ అని పేరు గాని, ఆయన ఎప్పుడూ కంపాకు (పెద్దవాడైన చక్రవర్తి తరఫున రాజ్యం నడిపే పదవి) చేపట్టలేదు. పసి చక్రవర్తికి సంరక్షకుడిగా మాత్రం ఏడాది పైచిలుకు ఉన్నారు. ఆయన చేతిరాతతోనే ఆ డైరీలో కొంత భాగం మిగిలింది. 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చారు. కొట్టివేతలు, అక్షరదోషాలు బోలెడు. నా ఎనిమిదో తరగతి పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు గుర్తొచ్చాయి.

అర్ధరాత్రి_దీపం

అందరూ కలిసి ప్రేమకథను కోర్టుకు ఈడుస్తున్నారు. నేను దాని తరఫు వకీలును.

మురసాకి షికిబు సొంత డైరీలోనే ఉంది కదా. రాత్రి ఎవరో వచ్చి తలుపు తట్టారు. తెల్లవారాక పద్యం వచ్చింది: రాత్రంతా నీటికోడి కన్నా ఎక్కువగా ఏడుస్తూ నీ తలుపు తట్టాను అని. (ఆ పక్షి అరుపు తలుపు తట్టినట్టు ఉంటుందట.) ఆమె కూడా పద్యంతోనే జవాబిచ్చింది: అంత గట్టిగా తట్టినా, తెరిచి ఉంటే ఎంత పశ్చాత్తాపపడేదాన్నో అని. తరువాతి కాలపు ఒక రాజసంకలనం ఆ పద్యం మిచినాగాదే అని చెబుతుంది. వెయ్యేళ్ల క్రితం ఇద్దరి మధ్య ఏదో ఉంది. సీరియల్ దానికి నీళ్లు పోసి పెంచింది, అంతే. విత్తనం మాత్రం ఊహించి తెచ్చింది కాదు.

తోడికోడలు

దీపం గారూ, ఆ పద్యానికి ముందు వాక్యం కూడా చదవండి. తలుపు చప్పుడు విని ‘భయంతో’ చప్పుడు చేయకుండా తెల్లవారే దాకా ఉన్నాను అని రాసుకుంది ఆవిడ. కూతురు షోషి దగ్గర కొలువిచ్చిన యజమాని అర్ధరాత్రి తలుపు కొడితే మనం దాన్ని ప్రేమకవిత్వం అంటున్నాం.

నా మొదటి ఉద్యోగంలో ఒక పెద్దాయన సాయంత్రం ఆరు దాటాక ఏదో ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. చాలా మర్యాదగానే మాట్లాడేవాడు. నేనూ నవ్వుతూనే జవాబులిచ్చేదాన్ని, ఆ నవ్వు చూసి అక్కడివాళ్లు ఏవేవో అల్లారు. అందుకే మురసాకి చమత్కారంగా జవాబిచ్చింది కాబట్టి ఇష్టమే అనే వాదన నాకు ఎక్కదు. చమత్కారంగా తప్పించుకోవడం ఒక విద్య. అది రాకపోతే ఆ కొలువులో బతకలేరు.

అర్ధరాత్రి_దీపం

ఆ కోణం నేను ఆలోచించలేదు. కాని ఆమె దాన్ని డైరీలో దాచిపెట్టుకుంది కదా? అక్కర్లేని పద్యాన్ని ఎవరు ఎత్తి రాసుకుంటారు?

రిటైర్డ్_మాష్టారు

బాగా కుదిరిన జవాబును ఏ రచయిత అయినా రాసి పెట్టుకుంటారు దీపం గారూ, తలుపు తట్టినవాడు ఎవడైనా సరే.

‘మిచినాగా ఉంపుడుగత్తె’ అని ఒక వంశావళి గ్రంథంలో ఆమె పేరు పక్కన రాసి ఉన్న మాట నిజమే. అది ఆమె పోయిన మూడు శతాబ్దాలకు పైగా అయ్యాక కూర్చిన గ్రంథం. మూడు వందల ఏళ్ల తరువాతి పుకారును నేను సాక్ష్యంగా తీసుకోను.

కవసాకి_కాపురం

ఇక్కడికి వచ్చి పదకొండేళ్లు. ఈ సీరియల్ వస్తున్న రోజుల్లో మా ఆయన, పిల్లలు వద్దన్నా వినకుండా క్యోటో వెళ్లాను. పాత రాజభవనం తోటలో తూర్పు వైపు మిచినాగా ఉన్న త్సుచిమికాదో మేడ స్థలం అని ఒక బోర్డు ఉంటుంది. మేడ లేదు, చెట్లే. అక్కడి నుంచి వీధి దాటితే రోజాన్‌జి అనే గుడి. మురసాకి ఇల్లు ఉన్న చోటే ఆ గుడి కట్టారంటారు. తోటలో తెల్ల కంకర, నాచు, మధ్యలో ఊదారంగు కిక్యో పూలు. రెండు చోట్లకూ మధ్య నడిచి చూశాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వెళ్తే అన్నం ఉడికేలోపు రెండుసార్లు తిరిగి రావచ్చు.

ఇంతకీ ఆ త్సుచిమికాదో మేడ మిచినాగాది కాదు తెలుసా? భార్య రిన్షి పుట్టింటివారిది. అంత మహామంత్రి ఇల్లరికపు అల్లుడు! రిన్షి తండ్రి మసనోబు మొదట ఈ సంబంధం వద్దన్నాడు. ‘నోటి చుట్టూ ఇంకా పసుపు పోని కుర్రాడికా నా పిల్లను ఇచ్చేది’ అన్నాడట. రిన్షి తల్లి పట్టుబట్టి చేసింది.

పెసరట్టు_1116

నోటి చుట్టూ పసుపు పోని కుర్రాడు! మన ‘ముక్కుపచ్చలారని’ అన్నమాటే కదా ఇది. పక్షిపిల్లను చూసి అక్కడా ఇక్కడా ఒకే మాట పుట్టింది. ఈ చర్చలో నాకు ఇప్పటి దాకా దొరికిన లాభం ఇదే.

తోడికోడలు

కవసాకి గారూ, చాలా సంతోషం. రిన్షి పేరు ఎవరు ఎత్తుతారా అని చూస్తున్నాను.

ఇల్లు ఆమెది. డబ్బు ఆమె పుట్టింటిది. మహారాణులైన ముగ్గురు కూతుళ్లనూ కన్నది ఆమె. భర్త మనసులో ఎవరో ఉన్నారని ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. ఒక్కరోజు కేక వేయలేదు. ఈ సీరియల్‌లో అందరికన్నా బాగా దాచింది ఆవిడే, ప్రేమను కాదు, తెలిసిన సంగతిని.

అసలు డైరీలోనూ రిన్షి ఉంది. 1008లో తొమ్మిదో నెల తొమ్మిదో రోజు చామంతి పండుగ. చామంతుల మీద రాత్రి దూది కప్పి, మంచుకు తడిశాక దానితో ముఖం తుడుచుకుంటే ముసలితనం పోతుందని నమ్మకం. రిన్షి మురసాకికి ప్రత్యేకంగా ఆ దూది పంపి ‘ముసలితనం బాగా తుడిచేసుకోండి’ అని చెప్పించింది. అది ఆదరమా, చురకా? నాకైతే మా ఇంట్లో పెళ్లికి వచ్చిన ఒక బంధువు ‘నీకు ఈ రంగు నప్పుతుందిలే, వయసు కనబడదు’ అంటూ చీర పెట్టిన సంగతి గుర్తొచ్చింది.

అదే ఏడు మనవడు పుట్టిన యాభయ్యో రోజు విందు. మిచినాగా బాగా తాగి అందరి ముందూ ‘మహారాణికి తండ్రిగా నేనేం తక్కువ కాదు, నా కూతురూ తక్కువ కాదు, మంచి మొగుడు దొరికాడని వాళ్లమ్మ నవ్వుకుంటూ ఉంటుంది’ అన్నాడు. రిన్షి లేచి వెళ్లిపోయింది. ఈయన వెనకాలే పరుగు. ఇది కల్పన కాదు, మురసాకి రాసినదే. సీరియల్ దీనికి ఒక్క చూపు కలిపింది: ఆమె లేచే ముందు భర్తకూ మహిరోకూ మధ్య పద్యం ఎలా అందిపుచ్చుకున్నట్టు నడిచిందో గమనిస్తుంది.

వానాకాలం_చదువు

అవును! ఆ సన్నివేశం నేను మూడుసార్లు వెనక్కి పెట్టి చూశాను. చివరి భాగంలో ‘మీ ఇద్దరికీ ఎప్పటి నుంచి’ అని రిన్షి అడిగినప్పుడు నేను కుర్చీ అంచు మీదికి వచ్చాను. అంత తెలిసీ, భర్త చావుబతుకుల్లో ఉంటే మళ్లీ మహిరోనే పిలిపించింది. దాన్ని త్యాగం అంటారా?

తోడికోడలు

త్యాగం అనను. ఇంటి పెద్దగా చివరి ఏర్పాటు చేసింది. ఎవరిని లోపలికి రానివ్వాలో ఆమె చేతిలోనే ఉందని చూపించింది కూడా.

సగంలో_ఉన్నాను

నేను కళ్లు మూసుకుని కిందికి జరిపాను, అయినా ‘చివరి భాగంలో’ అన్న మాట కంటపడింది. మీరందరూ నాకు ఒక సీరియల్ బాకీ.

గోదారి_గట్టున

ప్రేమ వల్ల రాజ్యం తలకిందులైన అసలు ఘటనను అందరూ వదిలేశారు. 996లో తెయిషి అన్న కొరెచికా ఒక పెద్దమనిషి మూడో కూతురి దగ్గరికి రహస్యంగా వెళ్తుండేవాడు. సన్యాసి అయిన కజాన్ మాజీ చక్రవర్తి కూడా అదే ఇంటికి వస్తున్నాడని తెలిసి, తన పిల్ల కోసమే అనుకున్నాడు. ఆయన వస్తున్నది నాలుగో కూతురి కోసం. కొరెచికా, తమ్ముడు తకాయియే మనుషులను పెట్టించి బెదిరించబోతే బాణం వెళ్లి మాజీ చక్రవర్తి బట్టకు గుచ్చుకుంది. అన్నదమ్ములిద్దరికీ ప్రవాసం. కడుపుతో ఉన్న తెయిషి సన్యాసినిగా మారుతూ తన జుట్టు తానే కత్తిరించుకుంది. మిచినాగా వేలు కదపకుండానే దారి మొత్తం ఖాళీ అయింది.

ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది: మీరు వచ్చేది మూడో అమ్మాయి కోసమా, నాలుగో అమ్మాయి కోసమా?

పెసరట్టు_1116

సన్యాసికి ఆ ఇంట్లో పనేమిటని ఎవరూ అడగలేదేం?

రిటైర్డ్_మాష్టారు

ఆ తకాయియేనే 1019లో సముద్రం మీద నుంచి వచ్చి పడిన తోయి దొంగలను క్యూషూలో ఎదిరించి తరిమాడు. రాజధానిలో కూర్చున్నవాళ్లు బహుమానం ఇవ్వాలా వద్దా అని చర్చించారు.

వానాకాలం_చదువు

మళ్లీ నా ప్రశ్నకు వస్తాను. 999లో పదకొండో నెల ఏడో రోజు. షోషికి అంతఃపురంలో హోదా ఇస్తూ ఆజ్ఞ వచ్చిన రోజు అదే. తెయిషికి కొడుకు పుట్టిన రోజూ అదే. చక్రవర్తి మొదటి కొడుకు పుడితే, ఊళ్లో పెద్దలంతా మిచినాగా కూతురి వేడుకకు వెళ్లారు. మరుసటి ఏడు ఎన్నడూ లేనట్టు ఒకే చక్రవర్తికి ఇద్దరు పట్టమహిషులు. ఆ ఏడాది చివర తెయిషి మూడో కాన్పులో పోయింది. ఈ మనిషి కోసం చంద్రుడిని చూడమంటే ఎలా?

అర్ధరాత్రి_దీపం

మీరు మిచినాగాను ద్వేషించడానికి కారణం సీరియల్ తెయిషిని అంత బాగా చూపించడమే. కేవలం ప్రేమకథ అమ్ముకోవాలంటే ఆమెను గయ్యాళిని చేసి ఉండేవారు. చేయలేదు. అంటే మీ కోపం వాళ్లు కావాలని ఉంచినదే.

వానాకాలం_చదువు

ఊ. ఇది గట్టి మాట. దీనికి జవాబు వెతుక్కోవాలి.

కవసాకి_కాపురం

నాకు ఈ సీరియల్‌లో అసలైన ప్రేమ కిక్యోది. తెయిషి కొలువులో ఉండి ‘మకురా నో సోషి’ అనే పుస్తకం రాసిన సెయి షోనగోన్‌ను ఇందులో అలా పిలుస్తారు. కుటుంబం కూలిపోయి, జుట్టు తీసేసుకుని, దీపం కూడా పెట్టకుండా కూర్చున్న తెయిషి కోసం ఆమె రాయడం మొదలుపెడుతుంది. వసంతంలో తెల్లవారుజాము బాగుంటుంది, వేసవిలో రాత్రి బాగుంటుంది అని. అసలు ఆ పుస్తకంలో కూడా కష్టాల ఊసు దాదాపు ఉండదు. నవ్వే తెయిషే ఉంటుంది. కాగితం కూడా తెయిషి ఇచ్చినదే.

గోదారి_గట్టున

కాగితం సంగతి భలే పట్టుకున్నారు. ఆ రోజుల్లో అంత కాగితం మామూలు ఇంట్లో ఉండదు. తెయిషికి ఆ కాగితం తెచ్చి ఇచ్చింది అన్న కొరెచికా. సీరియల్‌లో మహిరోకు ఎచిజెన్ కాగితం ఇప్పించింది మిచినాగా. చక్రవర్తికి చదువు మీద మోజు. పోయిన తెయిషిని మరువలేక షోషి గదుల వైపు రావడం లేదు. కథ కోసమైనా వస్తాడని మిచినాగా ఎత్తు. రెండు వైపులా కాగితం రాజకీయం నుంచే వచ్చింది, దాని మీద రాసినవాళ్లు వేరే పని చేసుకున్నారు.

రిటైర్డ్_మాష్టారు

మురసాకి మాత్రం సెయి షోనగోన్ మీద డైరీలో నిప్పులు పోసింది. మహా అహంకారి అని, చైనా అక్షరాలు తెలుసునని ఎక్కడపడితే అక్కడ రాస్తుందని, చూస్తే తప్పులేనని. సీరియల్‌లో ఇద్దరినీ స్నేహితులను చేశారు. నాకు అది నచ్చింది. స్నేహం ఉన్న చోటే అంత కచ్చగా రాస్తారు.

మన వైపు తంజావూరు కొలువు గుర్తొస్తుంది. విజయరాఘవ నాయకుడు రంగాజమ్మకు కనకాభిషేకం చేశాడు, ఆమె తన ‘మన్నారుదాస విలాసం’లో ఆయన్నే నాయకుణ్ణి చేసింది. అక్కడ దాపరికమే లేదు.

తోడికోడలు

ఆరు వందల ఏళ్ల తేడా ఉంది మాష్టారూ. పైగా దాపరికం లేకపోవడం కూడా రాజుగారికి అనుకూలమైనప్పుడే.

పెసరట్టు_1116

చక్రవర్తి కొలువులో ఉద్యోగి యుకినారికి అభిమానులు ఎవరూ లేరా? అందమైన చేతిరాత, నోట్లోంచి మాట రాదు, మిచినాగా ఏది చెబితే అది. ఇద్దరు పట్టమహిషులను పెట్టడానికి చక్రవర్తిని ఒప్పించింది అతనే, తెయిషి కొడుకుకు యువరాజు పదవి వద్దని ఒప్పించిందీ అతనే. ఆ రెండోసారి అతని ముఖం చూశారా? చివరికి మిచినాగా పోయిన రోజే అతనూ పోయాడు. సీరియల్ వాళ్లు కల్పించారేమో అనుకుని వెతికితే నిజమట! ఇద్దరిదీ ఒకే తేదీ.

అర్ధరాత్రి_దీపం

చూశారా, జోకులు వేసే ఆయనే అందరికన్నా పెద్ద ప్రేమకథ తెచ్చారు.

వానాకాలం_చదువు

నేను షోషిని వదిలేశాను, నా మీద నాకే కోపంగా ఉంది. పన్నెండేళ్లకు నోరు మెదపకుండా వచ్చిన పిల్ల. తెయిషి పోయాక ఆమె కొడుకు అత్సుయాసును ఈమే పెంచింది. 1011లో అతన్ని కాదని ఈమె సొంత కొడుకునే యువరాజును చేస్తే, సంతోషించాల్సింది పోయి తండ్రి మీద కోపం తెచ్చుకుంది. ఇది యుకినారి డైరీలోనే ఉంది. మురసాకి దగ్గర ఎవరూ లేని వేళల్లో చైనా కవి బై జుయి పద్యాలు పాఠం చెప్పించుకున్న పిల్ల ఈమే. చివరికి వాళ్ల లెక్కలో 87 ఏళ్లు బతికింది. తండ్రి లెక్కకు లొంగని ఒక్క అంకె.

గోదారి_గట్టున

ఆ పిల్లవాడు పుట్టినప్పటి మిచినాగాను కూడా మురసాకి రాసింది. మనవడిని ఎత్తుకుంటే ఒళ్లంతా తడిపేశాడు. ఈయన తడిసిన బట్ట విప్పి నిప్పు మీద ఆరబెట్టుకుంటూ, ఈ బాబు మూత్రంలో తడవడం ఎంత భాగ్యం అని మురిసిపోయాడు. తాతగారి ప్రేమా అదే, ఇరవై ఏళ్ల పెట్టుబడికి వచ్చిన మొదటి ఫలసాయమూ అదే. ఏది ఎంత పాలో విడదీయడం నా వల్ల కాదు.

కవసాకి_కాపురం

ఆ బాబు పెద్దయ్యాక ఎవరిని చేసుకున్నాడో కూడా చెప్పండి, ఇక్కడ జనం కింద పడతారు.

గోదారి_గట్టున

1018లో ఆ బాబుకు, అంటే గోఇచిజో చక్రవర్తికి, 11 ఏళ్లు. మిచినాగా తన ఇంకో కూతురు ఇషిని ఇచ్చి మహారాణిని చేశాడు. ఆమెకు 20. ఆమె షోషికి సొంత చెల్లెలు.

పెసరట్టు_1116

అంటే పిన్నిని?!

తోడికోడలు

శివ శివా. మేనరికం దాకా నేను వాళ్ల పక్షమే. ఇక్కడితో దిగిపోతున్నాను.

రిటైర్డ్_మాష్టారు

ఆ పిన్ని మహారాణి అయిన రాత్రే మిచినాగా ఆ ప్రసిద్ధ పద్యం చెప్పాడు: ఈ లోకం నా లోకమే అనిపిస్తోంది, నిండు చంద్రుడిలో ఏ లోటూ లేనట్టు. తన డైరీలో మాత్రం ‘నేను పద్యం చెప్పాను, అందరూ పాడారు’ అని రాసి ఊరుకున్నాడు. పద్యాన్ని మనకు మిగిల్చింది సనెసుకే, ఆయన్ను డైరీ నిండా విమర్శించిన మనిషి. జవాబు పద్యం చెప్పమంటే, ఇంత గొప్పదానికి జవాబు ఎలా చెప్పను, అందరం కలిసి ఇదే పాడదాం అని తప్పించుకున్నాడు. సీరియల్‌లో ఏ అన్యాయం చూసినా గొణుగుతుంటే, ‘నాకు చెప్పకండి, డైరీలో రాసుకోండి’ అని భార్య విసుక్కుంటుంది కదా, ఆయనే.

పెసరట్టు_1116

అది నెలలో పదహారో రాత్రి అని ఎక్కడో చదివాను. అంటే బహుళ పాడ్యమి. పాడ్యమి నాడు పౌర్ణమి పద్యమా?

గోదారి_గట్టున

వాళ్లు అమావాస్య ఘడియ పడిన రోజునే ఒకటో తేదీగా లెక్కించేవారు. పదహారో రాత్రి నిండు చంద్రుడు ఉండే అవకాశం బాగానే ఉంది. తిథి విషయంలో మిచినాగాను వదిలేయండి.

వానాకాలం_చదువు

తిథి విషయంలో వదిలేశాను. మిగతా విషయాల్లో లేదు. కాని మొదటి భాగం మళ్లీ పెట్టాను, ఈసారి రిన్షి, యుకినారి ముఖాలు మాత్రమే చూస్తూ.

సగంలో_ఉన్నాను

మీ అందరి పుణ్యమా అని వారం రోజుల్లో 28వ భాగానికి వచ్చాను. సదకో పోతుందని ముందే తెలిసినా ఏమీ తగ్గలేదు. తెర తాడుకు కట్టి ఉంచిన ఆమె పద్యం దొరుకుతుంది: రాత్రంతా చేసుకున్న బాసలు మరువకుంటే, నా కోసం కార్చే కన్నీటి రంగు చూడాలని ఉంది అని. కన్నీటికి రంగు ఏమిటి?

రిటైర్డ్_మాష్టారు

ఎరుపు. ఏడ్చి ఏడ్చి కన్నీరు ఇంకిపోతే రక్తం వస్తుందని చైనా కవులు రాశారు, జపాను వాళ్లు అందుకున్నారు. మనం రక్తకన్నీరు అంటాం.

సగంలో_ఉన్నాను

రేపు ఆఫీసుకు సెలవు పెట్టాను. 29 మొదలుపెడుతున్నాను. దయచేసి ఎవరూ ఏమీ చెప్పకండి.

పెసరట్టు_1116

ఒక్కటే చెబుతాను: ఇంకో కొత్త అకికో రాదు.